బడి చిట్టడవికి అసలు పరీక్ష వేసవి సెలవుల్లోనే

జూలై మొదటి వారం. బడి ఆవరణలో షామియానా, ముందు రోజే తీయించిన గుంతలు, ఒక్కో గుంత పక్కన నల్ల సంచీలో ఒక్కో మొక్క. ముఖ్య అతిథి ఒక మొక్క పెట్టి, మగ్గుతో నీళ్లు పోసి, ఫొటోకు నిలబడతారు. మిగతావి పిల్లలు పెడతారు. చేతులు కడుక్కుని క్లాసుకు వెళ్లిపోతారు. ఆ మొక్కలు ఏమయ్యాయో తెలియాలంటే మరుసటి ఏడాది జూన్‌లో, సెలవులయ్యాక బడి తెరిచిన రోజున వెళ్లి చూడాలి. చాలా చోట్ల గుంత ఉంటుంది, గుంతలో ఎండు పుల్ల ఉంటుంది. నెల తిరగ్గానే అదే గుంతలో కొత్త మొక్క పడుతుంది.

వనమహోత్సవం 1950లో మొదలైంది. అప్పటి కేంద్ర మంత్రి కె.ఎం. మున్షీ పెట్టిన పండగ ఇది. నైరుతి రుతుపవనాలు అందుకునే వేళ కాబట్టి జూలై మొదటి వారాన్ని ముహూర్తంగా పెట్టారు. దేశంలో ఎక్కువ భాగానికి అది సరైన ముహూర్తమే. తిరుపతికీ చిత్తూరుకూ మాత్రం అది కుదరదు. ఈ ప్రాంతంలో బడి ఆవరణలో చిన్న అడవి పెంచాలనుకునేవాళ్లు ముందుగా చూడాల్సింది క్యాలెండరు. మొక్కల జాబితా ఆ తర్వాత.

ఉమ్మడి చిత్తూరు జిల్లాకు ఏడాదికి పడే సగటు వర్షం సుమారు 930 మిల్లీమీటర్లు. అందులో జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి ఇచ్చేదీ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం ఇచ్చేదీ దాదాపు సమానం. లెక్క చూస్తే రెండూ ఒకటే అనిపిస్తుంది, నేల మీద కావు. జూలై, ఆగస్టుల్లో ఇక్కడ పడేవి సాయంత్రపు ఉరుముల వానలు. ఒక రోజు దంచి కొడుతుంది, తర్వాత పది పదిహేను రోజులు ఎండ మాడుస్తుంది. కొత్తగా నాటిన మొక్కకు ఆ పదిహేను రోజులే గండం. ఈశాన్యం వానలు అలా కాదు. వాటితో పాటు ఎండ కూడా తగ్గుతుంది, ముసురు పడుతుంది, నేలలో తేమ సంక్రాంతి దాకా నిలుస్తుంది. సెప్టెంబరు చివర్లో నాటిన మొక్క రెండు మూడు వారాల్లో నిలదొక్కుకుంటుంది. ఆపై మూడు నెలలు వాన దానికి తల్లిపాలలా అందుతుంది. మార్చి ఎండలు వచ్చేసరికి వేరు సంచీ లోతును దాటి కిందికి దిగి ఉంటుంది.

అయితే ఈశాన్యానికి ఇంకో ముఖం కూడా ఉంది. 2021 నవంబరు వానలను తిరుపతి అంత తేలిగ్గా మరిచిపోదు. వీధులు ఏరులయ్యాయి, స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేశాయి. అలాంటి వానలో పల్లపు మూలన నాటిన మొక్కలు నాలుగు రోజులు నీళ్లలో నానితే వేరు కుళ్లిపోతుంది. బడి ఆవరణలో వాన నీరు ఎటు పారుతుందో, ఎక్కడ నిలుస్తుందో అయిదో తరగతి పిల్లాడికి కూడా తెలుసు. స్థలం ఎంచుకునే ముందు వాణ్ని అడగడం మంచిది.

జూలైలో నాటి, రోజూ నీళ్లు పోస్తే బతకవా అంటే బతుకుతాయి. రెండు నెలలు ముందుగా నాటినందుకు కాస్త ఎక్కువే పెరుగుతాయి కూడా. కానీ రోజూ నీళ్లు పోసే ఏర్పాటు ఉన్న బడికి ఏ నెలైనా ఒకటే. అది లేని బడుల గురించే ఈ చర్చంతా.

దట్టం ఎంత?

బడిలో చిట్టడవి అనగానే ఇప్పుడు అందరి నోటా వచ్చే మాట మియావాకీ. అకిరా మియావాకీ (1928–2021) జపాన్ వృక్ష శాస్త్రవేత్త. ఊరి గుళ్ల చుట్టూ తరతరాలుగా మిగిలిన తోపుల్లో ఏ చెట్లున్నాయో చూసి, అవే ఆ నేలకు సొంత చెట్లని గుర్తించి, వాటినే కలగలిపి దగ్గర దగ్గరగా నాటే పద్ధతి తెచ్చారు. చదరపు మీటరుకు మూడు నుంచి అయిదు మొక్కలు పెడతారు. పొద, చిన్న చెట్టు, చెట్టు, పందిరిలా కమ్మే పెద్ద మాను అని నాలుగు అంతస్తులు. నేలను మీటరు లోతు దాకా గుల్ల చేసి ఎరువు కలిపి, పైన గడ్డి పరచి, రెండు మూడేళ్లు నీళ్లు పోస్తే ఆ తర్వాత దాని బతుకు అది బతుకుతుందని లెక్క. వెలుతురు కోసం మొక్కలు పోటీ పడి పైకి లేస్తాయి. అందుకే రెండేళ్లలోనే మనిషి ఎత్తు దాటి కళ్లకు నిండుగా కనిపిస్తుంది. ఫలితం త్వరగా చూపించాలనుకునేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి?

జపాన్‌లో వర్షం ఎక్కువ, అక్కడి అడవులు సహజంగానే దట్టం. మన కొండ సంగతి వేరు. శ్రీవారి మెట్టు దారిలో మార్చిలో నడిచినవాళ్లకు శేషాచలం అసలు రూపు తెలుస్తుంది. ఎర్రచందనం, బిల్లుడు, చిరిమాను ఆకు రాల్చి, ఒకదానికొకటి ఎడం ఎడంగా నిలబడి ఉంటాయి. వాటి కింద కలివి, బలుసు, బందారు పొదలు. మధ్యలో ఎండిన బోద గడ్డి. తలకోన లాంటి చోట్ల, వాగు పక్కన మాత్రమే చెట్లు గుంపుగా, పచ్చగా, పొడుగ్గా కనిపిస్తాయి. అక్కడ అడుగున నీరుంది, అంతే తేడా. 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కుగా, 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా, అంటే జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తింపు పొందిన అడవి ఇది. ఎండు రాళ్ల వాలులో ఎంత నీరుంటే అన్ని చెట్లే నిలుస్తాయని అది కళ్ల ముందే చూపిస్తోంది.

కాబట్టి మియావాకీ చెప్పిన దాంట్లో సగం తీసుకోవచ్చు. సొంత నేల చెట్లే నాటాలి, పొదలతో సహా కలగలిపి నాటాలి, నేలను గుల్ల చేయాలి, పైన గడ్డి కప్పాలి. ఇవన్నీ ఇక్కడా పనికొస్తాయి. చదరపు మీటరుకు అయిదు అన్నది మాత్రం పక్కన పెట్టడం మేలు. ఈ ఎర్ర నేలలో చదరపు మీటరుకు ఒకటి చాలు. ఎందుకన్నది నీళ్ల లెక్కలోనే తెలిసిపోతుంది.

అయిదు సెంట్ల స్థలం తీసుకుందాం. దాదాపు 200 చదరపు మీటర్లు. మీటరుకు మూడు చొప్పున 600 మొక్కలు. ఒక్కోదానికి రోజు విడిచి రోజు మూడు లీటర్లు అనుకుంటే ఒక విడతకు 1,800 లీటర్లు. మీటరుకు ఒకటే అయితే 200 మొక్కలు, 600 లీటర్లు.

ఈ 600 లీటర్లు బడిలోనే దొరుకుతాయి. మధ్యాహ్న భోజనం అయ్యాక మూడు వందల మంది పిల్లలు పళ్లెం, చెయ్యి కడుక్కుంటే, మనిషికి రెండు లీటర్లు వేసుకున్నా 600 లీటర్లు. ఇవి రోజూ కొళాయిల దగ్గర నుంచి కాలువలోకి, కాలువ నుంచి గోడ బయటికి పోతూనే ఉన్నాయి. అన్నం మెతుకులు, కూర మిగుళ్లు ఆగేలా జల్లెడ పెట్టిన చిన్న తొట్టి ఒకటి, అక్కడి నుంచి వాలుగా ఒక కాలువ. ఖర్చు పెద్దగా కాదు. మార్చి నడిమిలో ఒంటిపూట బడులు మొదలైనా భోజనం ఆగదు కాబట్టి ఏప్రిల్ మూడో వారం దాకా ఈ నీళ్లు ఆగవు.

ఆ తర్వాత ఆగిపోతాయి. ఏప్రిల్ 24 ప్రాంతంలో బడి మూస్తారు, జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. ఆ యాభై రోజుల్లోనే తిరుపతిలో ఎండ నలభై డిగ్రీలు దాటి కాస్తుంది. మొక్కకు నీళ్లు అత్యవసరమైన రోజులూ బడిలో ఒక్క మనిషి కూడా లేని రోజులూ ఒకటే. ఎండిన పుల్లలకు వేరే కారణం వెతకనక్కర్లేదు. పిల్లలకు శ్రద్ధ లేకపోవడమో, మొక్క నాసిరకం కావడమో కాదు, ఆ యాభై రోజుల్లో గేటుకు తాళం ఉండటమే కారణం.

ఆ యాభై రోజులకు రోజు విడిచి రోజు అంటే 25 విడతలు. 200 మొక్కలకు 15,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు మూడు. 600 మొక్కలకు 45,000 లీటర్లు, తొమ్మిది ట్యాంకర్లు. మూడు ట్యాంకర్లయితే ఏ పూర్వ విద్యార్థి అయినా ఒక్క ఫోన్ కాల్‌తో తోలిస్తాడు. తొమ్మిదంటే మీటింగు పెట్టాలి, తీర్మానం చేయాలి. అవి తేలే లోపు మే నెల గడిచిపోతుంది.

ఇంకా తగ్గించే ఉపాయం పాత కుండ. కాల్చిన మట్టి కుండను నాలుగు మొక్కల నడుమ మెడ దాకా పాతి, నీళ్లు నింపి, మూత పెడితే పక్కల నుంచి నీరు కొంచెం కొంచెంగా ఊరుతూ ఉంటుంది. ఎండకు ఆవిరై పోదు, కలుపుకూ అందదు. 200 మొక్కలకు 50 కుండలు. పది లీటర్ల కుండ వారానికి రెండు సార్లు నింపితే విడతకు 500 లీటర్లు, సెలవులన్నిటికీ కలిపి 7,000. డ్రిప్పు వేసినా మంచిదే, ఈ జిల్లా మామిడి రైతులకు అది చేతి విద్య. కాకపోతే సెలవుల్లో ఎలుకలు పైపు కొరికినా, డ్రిప్పర్లో మట్టి ఇరుక్కున్నా చూసే దిక్కుండదు. కుండకు ఆ బెడద లేదు.

గుంతలో నీళ్లు చెప్పే సంగతి

బడి ఆవరణ నేల పొలం నేల లాంటిది కాదు. ఇరవై ముప్పై ఏళ్లుగా పిల్లలు పరిగెత్తి, ప్రార్థనలో నిలబడి, ఆటలాడి తొక్కిన నేల. దాని కింద ఏ గది కట్టినప్పుడో పడేసిన ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు, కంకర ఉంటాయి. పైన చూస్తే ఎర్రమట్టి, గడ్డపార వేస్తే ఖణేలుమంటుంది.

ఏం నాటాలో అనుకునే ముందు ఒక సాయంత్రం ఈ పని చేయొచ్చు. అడుగు వెడల్పు, అడుగు లోతు గుంత తీసి, అంచు దాకా నీళ్లు పోసి ఇంకనివ్వాలి. అవి ఇంకాక మళ్లీ నింపి, ఒక పుల్లకు గీతలు పెట్టి అందులో గుచ్చి గంటకోసారి చూడాలి. రెండో నీళ్లు గంట రెండు గంటల్లో ఇంకిపోతే మంచి దుబ్బ నేల. పొద్దున వచ్చి చూసినా సగం గుంత నీళ్లు అలాగే ఉంటే అడుగున గట్టి పొర ఉన్నట్టు. పావుగంటలోనే మాయమైతే కింద రాళ్లూ రప్పలే, ఎరువు ఎంత వేసినా జారిపోతుంది. ఎనిమిదో తరగతి సైన్సు పిరియడ్‌కు సరిపోయే ప్రయోగం ఇది, ఖర్చు రెండు బక్కెట్ల నీళ్లు.

గట్టి పొర ఉంటే జేసీబీ తప్పదు. మీటరు లోతు పోలేకపోయినా రెండున్నర అడుగులు పెకలించి, వచ్చిన రాయి ఏరేసి, మట్టిలో మాగిన పశువుల ఎరువు, వరి ఊక, చెనక్కాయ పొట్టు కలిపి తిరిగి పోయాలి. పాడికి పేరున్న జిల్లాలో పశువుల ఎరువుకు కొదవ లేదు. చెనక్కాయ పొట్టు, చెరకు చెత్త, వరిగడ్డి నేల మీద కప్పడానికి కూడా పనికొస్తాయి. నాలుగైదు అంగుళాల మందాన కప్పితే నేల ఎండకు కాలదు. మొదలు చుట్టూ మాత్రం జానెడు చోటు వదలాలి. ఎర్ర నేలలో చెదలు ఎక్కువ. ఎండు గడ్డి కాండానికి ఆనుకుని ఉంటే చెద దాని మీదుగా బెరడుకు ఎక్కుతుంది. గుంతకు ఇన్ని గుప్పెళ్ల వేపపిండి వేయడం రైతులు ఎప్పటి నుంచో చేస్తున్నదే.

నేల గురించి మాట్లాడేటప్పుడు బడిలో రోజూ పొద్దున జరిగే ఒక పని గురించి చెప్పాలి. ఆయమ్మ వేపాకు ఊడ్చి, గోడ మూల కుప్ప పోసి, అగ్గిపుల్ల గీస్తుంది. ప్రార్థన జరుగుతున్నంత సేపూ పొగ. ఆమె తప్పేమీ లేదు, ఆవరణ శుభ్రంగా లేకపోతే మాట పడేది ఆమే. కానీ ఒక పక్క ఎరువు కొని తెచ్చి, ఇంకో పక్క ఆకును కాల్చే బడిలో అడవి పెరగదు. ఆ కుప్పను పది గజాలు అవతల చిట్టడవిలో పోయమని హెడ్మాస్టరు ఒక మాట చెబితే సరిపోతుంది.

నర్సరీలో దొరకని మొక్కలు

సామాజిక వనాల నర్సరీకి వెళితే కానుగ, వేప, నేరేడు, ఉసిరి, రేల, రావి, చింత దొరుకుతాయి. అన్నీ మంచివే, ఇక్కడివే. దొరకనివల్లా పొదలు. బలుసు, కలివి, పరికి, బందారు, తంగేడు, వావిలి లాంటివి ఎవరూ పెంచరు, ఎందుకంటే ఎవరూ అడగరు. అవి లేకుండా చెట్లు మాత్రమే నాటితే అది తోపు అవుతుంది, అడవి కాదు. చిత్తూరు జిల్లా పల్లెలకు తోపు కొత్త కాదు, ఊరి బయట చింతతోపు లేని ఊరు అరుదు. చింతతోపు కింద నడిచి చూస్తే ఏం లేదో తెలుస్తుంది. ఊడ్చినట్టుండే నేల, పైన నీడ, అంతే. పిట్ట గూడు కట్టేది, సీతాకోకచిలుక గుడ్డు పెట్టేది, రాలిన గింజ మేక నోటికి చిక్కకుండా మొలిచేది ఎక్కువగా ఆ మోకాలెత్తు, నడుమెత్తు పొదల్లోనే.

అందుకే బడి సొంత నర్సరీ పెట్టుకోవడం మంచిది. ఇక్కడ బడి క్యాలెండరు మొదటిసారి మొక్కకు అనుకూలంగా కలిసొస్తుంది. జూన్‌లో బడి తెరిచే వేళకే వేప పండ్లు, నేరేడు పండ్లు రాలుతుంటాయి. ఈ రెండు గింజలూ నిలవ ఉండవు. నేరేడు గింజను తిన్న వెంటనే, వేప గింజను రెండు మూడు వారాల లోపే నాటేయాలి, ఆలస్యమైతే మొలవవు. చింత గింజ రాత్రంతా నానితే చాలు. రేల, కుంకుడు గింజల పెంకు మొండిది. గరుకు బండ మీద ఒక పక్క అరగదీసి నానబెడితే గానీ నీరు లోపలికి దిగదు. పిల్లలకు ఇది పనిలా అనిపించదు. ఆ ఏడాది వేసిన గింజలు మరుసటి ఏడాది సెప్టెంబరుకు నాటే ఈడుకు వస్తాయి. అంటే ప్రారంభోత్సవం ఏడాది పైన వెనక్కి పోతుంది. పోనీ, ఆ ఏడాదిలో నీళ్ల తొట్టి, కంచె, నేల పని తయారవుతాయి.

గింజల కోసం కొండ ఎక్కకూడదు. జాతీయ పార్కు నుంచి గింజ కూడా తేవడం చట్టరీత్యా నేరం. ఊరి గుడి దగ్గరి చెట్లు, చెరువు కట్ట, పొలం గట్లు, పాత రోడ్డు వార చెట్లు చాలు. గట్ల మీది కలివి, పరికి పొదలు ఎక్కడున్నాయో మేకలు కాసే ఇంటి పిల్లలకు తెలిసినంతగా టీచర్లకు తెలియదు.

బయట నుంచి మొక్క తెచ్చుకుంటే సంచీ కోసి వేరు చూడాలి. ఏడాదికి మించి చిన్న సంచీలో ఉన్న మొక్క వేళ్లు అడుగున చక్కిలంలా చుట్టలు చుట్టుకుని ఉంటాయి. అలాగే పాతితే పైన ఆకు వేసినా వేరు ఆ చుట్టలోనే తిరుగుతూ ఉండిపోతుంది, మూడో ఏట గాలివానకు మొదలంటా ఒరుగుతుంది. అడుగున చుట్టుకున్న వేరును బ్లేడుతో అంగుళం మేర కోసి, మిగతా వేళ్లను చేతి వేళ్లతోనే విడదీసి నాటాలి. ఆరడుగుల మొక్క కన్నా రెండడుగుల మొక్క మంచిది. ఫొటోలో బాగుండకపోవచ్చు గానీ వేరు తొందరగా దిగుతుంది.

ఏవి వద్దు అంటే రోడ్ల పక్కన పచ్చగా కనిపించే విదేశీ చెట్టు కోనోకార్పస్ వద్దు, గుజరాత్ 2023లోనే దాన్ని నాటకూడదని నిషేధించింది. తురాయి, కొండచింత పూత అందమే గానీ కొమ్మ పెళుసు, తుపాను గాలికి విరిగి క్లాసు గది మీద పడతాయి. సుబాబుల్, ఆస్ట్రేలియా తుమ్మ పెరగడమైతే పెరుగుతాయి, పక్కన ఇంకోదాన్ని పెరగనివ్వవు.

ఎర్రచందనం సంగతి వేరేగా చెప్పుకోవాలి. తిరుపతిలో అడవి అనగానే మొదట గుర్తొచ్చే చెట్టు అదే. ప్రపంచంలో ఈ కొండల చుట్టుపక్కల తప్ప సహజంగా ఎక్కడా పెరగదు. కాబట్టి బడిలో నాలుగైదు ఉంటే పిల్లలు ఆకు గుర్తుపడతారు, గుండ్రటి రెక్క కాయ గాలికి ఎలా ఎగురుతుందో చూస్తారు. వంద నాటితే మాత్రం అది ఆస్తి అవుతుంది. దాన్ని కొట్టాలన్నా, తరలించాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. దుంగకు చేవ పట్టే రోజుకు బడికి వాచ్‌మన్ ఉంటాడో లేడో తెలియదు గానీ దొంగ మాత్రం ఉంటాడు. ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత వచ్చే హెడ్మాస్టరుకు ఆ టెన్షన్ ఎందుకు?

పలమనేరు, కుప్పం వైపు ఉన్న బడులకు ఇంకో జాగ్రత్త. కౌండిన్య అభయారణ్యం ఏనుగులు తిరిగే ఊళ్లలో పనస, వెదురు బడి గోడ లోపల పెట్టడమంటే వాటికి కబురు పంపినట్టే.

భయాలకు కారణాలున్నాయి

పేరెంట్స్ కమిటీ ముందు చిట్టడవి మాట ఎత్తగానే మొదట వచ్చే ప్రశ్న పాములు. దాన్ని మూఢనమ్మకంలా కొట్టిపారేసే పర్యావరణ ప్రేమికులు చాలామంది ఉన్నారు, అది తప్పు. నాగుపాము, రక్తపింజరి, కట్లపాము మూడూ ఈ జిల్లాలో ఉన్నాయి, పొదలున్న చోటికి వస్తాయి. అయితే పామును రప్పించేది ప్రధానంగా ఎలుక. ఎలుకను రప్పించేది వంటగది వెనక పారేసిన అన్నం, పగిలిన బెంచీల కుప్ప, ఇటుకల గుట్ట. ఇవి తీసేయకుండా చిట్టడవిని మాత్రమే అనుమానించడంలో అర్థం లేదు. క్లాసు గదులకూ చిట్టడవికీ నడుమ కనీసం ఇరవై అడుగులు ఖాళీగా, ఊడ్చి ఉంచాలి. లోపలికి ఒకే దారి, మూడడుగుల వెడల్పున, గడ్డి లేకుండా. పెద్దవాళ్లు తోడు లేకుండా పిల్లలు దారి దిగకూడదు, బాలు లోపల పడితే సారుకు చెప్పాలి. మరుగుదొడ్లకు వెళ్లే దారి చిట్టడవి పక్క నుంచి అసలే ఉండకూడదు.

అలిపిరి, కపిలతీర్థం, యూనివర్సిటీ వైపు కొండను ఆనుకుని ఉన్న బడులకు చిరుత భయం కూడా ఉంది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడికి ఒక చిన్నారి బలైన తర్వాత ఈ ఊళ్లో ఏ తల్లికైనా ఆ భయం సహజం. అలాంటి చోట గుబురు పొదలు వద్దు. కింది కొమ్మలు నరికిన చెట్లు, నడుమ చూపు ఆనే ఖాళీ, అంతే చాలు. వెనకే నాలుగు వేల చదరపు కిలోమీటర్లు దాటిన బయోస్ఫియర్ ఉండగా అయిదు సెంట్ల అడవి వల్ల జీవవైవిధ్యానికి కొత్తగా ఒరిగేది తక్కువే. చిట్టడవి ఎక్కువ ఉపయోగపడేది రేణిగుంట రోడ్డు వైపో, ఊరి నడుమో, చుట్టూ కాంక్రీటు తప్ప ఏమీ లేని బడికి.

గోడకు పదడుగులు, కరెంటు తీగలకు అంతకన్నా ఎక్కువ దూరం వదలాలి. రేపు అదనపు గదులు ఎక్కడ వస్తాయో ఇంజినీరును ముందే అడగాలి. ఏడేళ్లు పెంచిన చెట్లను గది కోసం కొట్టేయాల్సి వస్తే నీరు, నేల, చెట్ల రక్షణకు చేసిన వాల్టా చట్టం కింద అనుమతులు, అర్జీలు ఒక ఎత్తు, నాటిన పిల్లలకు సమాధానం చెప్పుకోవడం ఇంకో ఎత్తు.

మే నెలలో ఎవరుంటారు?

ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే, మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ ఉంది. జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనతో వెలిసిన ఆ బడి, మేకలు మేసి, పుల్లలు కొట్టి బోడిగా మిగిలిన ఒక కరువు లోయలో మొదలైంది. దశాబ్దాల పాటు మొక్కలు నాటుతూ, వాన నీరు ఆపుతూ, వాలులను మేతకు దూరంగా ఉంచుతూ వచ్చారు. 1991 నాటికి ఆ లోయను పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. బడి అడవిని పెంచగలదనడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు. అయితే దాన్ని చూపించి జిల్లా పరిషత్ హైస్కూలును దెప్పడం న్యాయం కాదు. రిషి వ్యాలీకి వందల ఎకరాలున్నాయి, అంతకన్నా ముఖ్యంగా అక్కడే కాపురముండే మనుషులున్నారు. పిల్లలు ఇళ్లకు వెళ్లినా ఆవరణ ఖాళీ కాదు. సర్కారు బడిలో మే నెలలో గేటు తీసేవాళ్లే ఉండరు.

కాబట్టి చిట్టడవి భారాన్ని ఉత్సాహమున్న ఒక సైన్సు మాస్టారి మీద పెడితే ఆయన ఉన్నంత కాలమే అది ఉంటుంది. బదిలీ కౌన్సెలింగ్ వచ్చిన మరుసటి వేసవికి కథ ముగుస్తుంది. బదిలీ లేనివాళ్లు ఊళ్లోవాళ్లే. వంట చేసే అక్క, ఆయమ్మ, వాచ్‌మన్, గోడ అవతలి ఇంటివాళ్లు. వీళ్లలో ఒకరికి తాళం చెవి ఇచ్చి, యాభై రోజులు కుండలు నింపినందుకు కూలి కట్టివ్వాలి. ఊరికే చేయమని అడగడం వల్లే చాలా చోట్ల పని ఆగిపోతోంది. ఎండలో నీళ్లు మోయడం సేవ కాదు, కూలి పని. పూర్వ విద్యార్థుల బ్యాచ్‌లు సిల్వర్ జూబ్లీకి గేటు మీద ఆర్చి కట్టించడం ఇప్పుడు ఫ్యాషను. ఆ ఆర్చికి అయ్యే డబ్బుతో మూడు వేసవుల కూలి, ట్యాంకర్లు వెళ్లిపోతాయి. కావాలంటే పేర్లు కుండల మూతల మీద రాయించుకోవచ్చు.

ఊరితో ఇంకో ఒప్పందం కూడా మొదట్లోనే చేసుకోవాలి. పంచాయతీల్లో చింతచెట్ల కాపుకు ఏటా వేలం పాడటం అలవాటు. బడి చిట్టడవి కాపు మీద అలాంటి ఆలోచన రాకుండా, వేలం ఉండదని, ఉసిరి, నేరేడు, కలివి పండ్లు పిల్లలకూ పిట్టలకేనని మొదటి మీటింగులోనే రాసుకోవాలి. మేకల విషయం కూడా అప్పుడే తేల్చాలి. కంచె ఖర్చు మొక్కల ఖర్చును మించుతుంది, అయినా తప్పదు. గోడ లేని వైపు గచ్చకాయ, కలివి వరస వేస్తే రెండు మూడేళ్లకు అదే కంచె అవుతుంది. అప్పటి దాకా ముళ్ల కంప.

లెక్క రాసే రోజును కూడా మార్చాలి. నాటిన రోజు 200 అని బ్యానరు మీద వేసుకోవడం బదులు, బడి తెరిచిన రోజు పిల్లలు లోపలికెళ్లి బతికున్నవి లెక్కపెట్టి రిజిస్టరులో రాయాలి. ఏ జాతి ఎన్ని, చనిపోయినవి ఏ మూలన, ఎందుకై ఉంటుంది. మొదటి జూన్‌లో 130 ఉంటే ఆ 70 ఏ జాతివో, ఎక్కడివో కనిపిస్తుంది. నీళ్లు నిలిచే మూలా, చెదలున్న మూలా అలా బయటపడతాయి. ఆ సెప్టెంబరులో ఖాళీల్లో వేసేటప్పుడు చనిపోయిన జాతిని వదిలేసి బతికిన జాతినే వేస్తే సరి. ఆ నేలకు ఏది సరిపోతుందో చెప్పే పుస్తకం ఆ రిజిస్టరే.

నీళ్లు మూడు వేసవులు పోయాలి. రెండో వేసవి వారానికి రెండు మార్లు, మూడో వేసవి వారానికి ఒక మారు, తర్వాత ఆపేయాలి. ఆపిన ఏడాది అందరికీ కంగారు పుడుతుంది. ఫిబ్రవరి, మార్చికల్లా బిల్లుడు, ఎర్రచందనం ఆకంతా రాల్చి మోడుల్లా నిలబడతాయి. ఎండిపోయాయని ఎవరో ఒకరు అంటారు, ఇంకొకరు పీకేయడానికి గునపం తెస్తారు. సన్న కొమ్మ మీద బెరడును బొటనవేలి గోటితో కాస్త గీకి చూడాలి. లోపల గోధుమ రంగులో పొడిగా ఉంటే చచ్చినట్టు, తడిగా పచ్చటి గీత కనిపిస్తే బతికున్నట్టు. కొమ్మ చివర ఎండినా మొదట్లో పచ్చగా ఉండొచ్చు కాబట్టి రెండు మూడు చోట్ల, చివరికి మొదలు దగ్గర కూడా గీకాలి. పచ్చ ఉన్నదాన్ని ముట్టుకోకుండా వదిలేస్తే సెలవులయ్యాక పిల్లలు వచ్చే లోపే అది మళ్లీ చిగురు పెడుతుంది.